ఇరవై మెట్ల పూసల నిచ్చెన

ఆ సోమవారం పోయినవి లెక్కేస్తే ఇలా తేలింది: ముత్యాలు రెండు, రవికె హుక్కులు నాలుగు, పట్టుదారం సగం రీలు, ఒక స్టీలు పళ్ళేనికి అంచున ఉండాల్సిన గుండ్రం, అకౌంట్స్ పీరియడ్లు మూడు, ఓ గంటసేపు నా పరువు. హుక్కులు మర్నాడే కొన్నాను. దారం ఎలాగూ అయిపోయేదే. పీరియడ్లు ఆదివారం క్లాసు పెట్టి పూడ్చాను. పళ్ళెం ఇప్పటికీ నేలమీద పెడితే ఊగుతుంది, అయినా అన్నం పడుతుంది. పరువు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. ముత్యాల సంగతే ఇంతవరకు తేలలేదు.

కొత్తగా పాఠాలు చెప్పడానికి వెళ్తున్న కుర్రవాళ్ళు ల్యాబు లేదనీ సామాను లేదనీ నా దగ్గర వాపోతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో సలహాలు వెతక్కండి. జరిగినదేదో జరిగినట్టు చెబుతాను.

నేను జువాలజీ చదివిన వాణ్ణి కాను. ఫలక్‌నుమాలో ఒక టైల్స్ గోదాములో పెట్టెలు లెక్కపెట్టే పనిలో చేరి, అక్కడి చిట్టాల మీదే లెక్కలు నేర్చుకున్నాను. డిగ్రీ ఆ తర్వాత ఎప్పుడో ప్రైవేటుగా కట్టాను. చివరికి సంతోష్‌నగర్‌లో ఒక చిన్న జూనియర్ కాలేజీలో కుదురుకున్నాను. కింద మెడికల్ షాపు, ఇస్త్రీ బండి. పైన రెండంతస్తులు కాలేజీ. పొద్దున అకౌంట్స్ చెప్పేవాణ్ణి, సాయంత్రం ఫీజులు రాసేవాణ్ణి. యాభై నాలుగో ఏట భుజం నొప్పితో మానేసే దాకా అదే నా ఉద్యోగం.

ఏడేళ్ళ కిందట, విద్యాసంవత్సరం మధ్యలో జువాలజీ చెప్పే మేడమ్ వెళ్ళిపోయారు. కాలేజీ ఓనరూ ప్రిన్సిపాలూ ఒక్కరే. ఆయన నన్ను పిలిచారు.

"సార్, మీరు పుస్తకం చదివితే ఏదైనా వస్తది గదా. రెండు నెలలు జువాలజీ జర సూస్కోండ్రి."

"నాకు కప్పకూ తొండకూ తేడా అంతంత మాత్రమే తెలుసు సార్."

"ఇప్పుడు కప్ప అయిపోయింది. డీఎన్ఏ నడుస్తున్నది. దానికి కాళ్ళుండవు, మీకేం ఫికర్ లేదు."

మా ల్యాబు ఒక ఇనుప బీరువా. అందులో మూడు సీసాలు, అద్దం పగిలిన మైక్రోస్కోపు ఒకటి. సీసాల్లో ఏముందో లేబుళ్ళు చెరిగిపోయి ఎవరికీ తెలియదు. బీరువా తాళం నా దగ్గరే ఉండేది, ఫీజుల డబ్బా కూడా అందులోనే కాబట్టి.

పుస్తకం తెచ్చుకుని చదివాను. మొదటి రెండు పేజీలు ఎక్కలేదు. మూడో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఏ జీవి డీఎన్ఏ తీసుకున్నా, అందులో అడినిన్ ఎంత ఉంటుందో థైమిన్ అంతే ఉంటుంది. గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంతే. రెండు వైపులా సరిపోయే లెక్క. అంతవరకు నాకు ఆ పాఠం పరాయిదిగా ఉండింది. ఆ మాట చదివాక తెలిసినవాళ్ళింటికి వెళ్ళినట్టు అనిపించింది.

క్లాసులో పంతొమ్మిది మంది. పద్దెనిమిది మందికి ఫోనులో బొమ్మ చూపిస్తే సరిపోయేది. రంగురంగుల నిచ్చెన మెలిక తిరుగుతూ తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. పంతొమ్మిదో అమ్మాయికి ఆ బొమ్మ పనికిరాదు. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి ఆమెకు చూపు పోయింది. వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది, అంతే. ఫలక్‌నుమా నుంచి రోజూ తల్లి చెయ్యి పట్టుకుని వచ్చేది. వాళ్ళమ్మ చార్మినార్ దగ్గరి ఒక దుకాణానికి ఇంట్లోనే కూర్చుని ముత్యాల దండలు గుచ్చుతుంది. నాన్న ఆటో నడుపుతాడు.

ఆ అమ్మాయికి ఫిజియోథెరపీ చదవాలని ఉండేది. "ఆ పనికి చేతులు కావాలె సార్. కండ్లు లేకున్నా నడుస్తది," అనేది. దానికి ఈ బైపీసీ గ్రూపే ఉండాలి. ప్రిన్సిపాల్ గారు ఆమెను చేర్చుకున్నప్పుడే ఒక మాట అనుకున్నారు. రెండో ఏడాది ప్రాక్టికల్స్ వస్తాయి. అవి ఆమె వల్ల కాదనిపిస్తే గ్రూపు మార్చి మళ్ళీ మొదటి ఏడాదిలో కూర్చోబెడతారు. ఏడాదీ పోతుంది, ఫిజియోథెరపీ కూడా పోతుంది.

ఆయన చెడ్డవాడేం కాదు. భయస్తుడు. "రేపు పరీక్షకు వచ్చినోళ్ళు, సూపు లేని పిల్లను ఎందుకు కూసోబెట్టినవయ్యా అంటే నేనేం జెప్పాలె?" అనేవారు. చివరికి తనకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్‌ను పిలుస్తానన్నారు. ఆవిడ సోమవారం వచ్చి ఒక్క పాఠం మీద అమ్మాయిని అడుగుతారు. అప్పటికి జరుగుతున్నది డీఎన్ఏ, కాబట్టి డీఎన్ఏ మీదే. "మేడమ్ సరే అంటే నేను సంతకం పెడ్త. వద్దంటే మీరు, ఆ పిల్ల నా మీద లొల్లి జేయొద్దు."

అప్పటికి మా దగ్గర రెండు వారాలు ఉన్నాయి.

మొదట అరటిపండుతో ప్రయత్నించాం. పండు మెత్తగా పిసికి, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కలిపి, గుడ్డలో వడగట్టి, మెడికల్ షాపు నుంచి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన స్పిరిట్ మెల్లగా పైన పోశాను. కాసేపటికి తెల్లని పోగులు పైకి తేలాయి. పిల్లలంతా గాజు గ్లాసు చుట్టూ మూగారు. ఆ అమ్మాయి వేలు ముంచి పోగును తీసి వేళ్ళ మధ్య రాసి చూసింది.

"ఇదా సార్ డీఎన్ఏ?"

"అదే."

"చీమిడి లెక్క ఉన్నది."

క్లాసంతా నవ్వింది. నవ్వులు ఆగాక ఆమె అడిగింది. "మీరు చెప్పిన జతలు, మెట్లు, ఆ లెక్క ఇండ్ల ఏడున్నది సార్?"

అది సరైన ప్రశ్న. ఆ పోగులో లెక్క ఉంది కాని వేలికి తగలదు. వేలికి తగిలేది కావాలి.

ఆ సాయంత్రమే బస్సెక్కి చార్మినార్ వెళ్ళాను. గాజుల దుకాణాల వెనక సందులో పూసలు అమ్మే వాళ్ళుంటారు. నాకు నాలుగు రకాల గాజు పూసలు కావాలి, ముట్టుకుంటే తేడా తెలియాలి. అడినిన్‌కు పెద్ద గుండ్రటిది, థైమిన్‌కు చిన్న గుండ్రటిది. గ్వానిన్‌కు పెద్ద చదరపు పూస, సైటోసిన్‌కు బియ్యపు గింజలాంటి సన్నది. అసలైన వాటిలోనూ అడినిన్, గ్వానిన్ పెద్దవి, మిగతా రెండూ చిన్నవి. ప్రతి మెట్టులో ఒక పెద్దది, ఒక చిన్నది పడతాయి కాబట్టే నిచ్చెన వెడల్పు ఎక్కడా మారదు. ఇరవై మెట్లు చాలనుకున్నాను. పది మెట్లకు ఒక మెలిక, మొత్తం రెండు మెలికలు.

"కిత్నే హోనా సాబ్?" అని ఎన్ని కావాలో అడిగాడు దుకాణం అతను, తక్కెడ దగ్గరికి లాక్కుంటూ.

"పెద్ద గుండ్రటివి పదకొండు. చిన్న గుండ్రటివి పదకొండు. చదరాలు తొమ్మిది, బియ్యపు గింజలు తొమ్మిది."

అతను తక్కెడ వదిలేశాడు. "పాతికేండ్ల నుంచి అమ్ముతున్న భాయ్. పూసలు లెక్కపెట్టి అడిగినోణ్ణి నిన్నే సూస్తున్న. యాభై గ్రాములు తీస్కపో, సస్తా పడ్తది."

"నాకు నలభై పూసలే కావాలి."

"మిగిలితే తినవు గదా, ఇంట్ల పడుంటయ్."

మిగిలిన వస్తువు నాకు నిద్ర పట్టనివ్వదు. గోదాములో నేర్చుకున్న అలవాటు. నలభై పూసలే లెక్కపెట్టి తీసుకున్నాను. పక్క దుకాణంలో రెండు లక్క గాజులు, దారి మీద ఒక అట్ట రవికె హుక్కులు కొన్నాను. అతను చెప్పినట్టు తూకానికి తెచ్చుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది, నేను రాసి ఉండేవాణ్ణి కాదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం కూర్చునే వాళ్ళం. ఒక దండ నేను గుచ్చాను, ఇంకోటి ఆమె. నా దండలో వరుస నేను అనుకున్నది: పెద్ద గుండ్లు ఏడు, చిన్న గుండ్లు నాలుగు, చదరాలు మూడు, బియ్యపు గింజలు ఆరు, కలగాపులగంగా. నా ప్రతి పూసకు ఎదురుగా ఏది రావాలో ఆమె చెప్పి తన దండలో గుచ్చేది. పెద్ద గుండుకు చిన్న గుండు, చదరానికి బియ్యపు గింజ. పూసకూ పూసకూ మధ్య ముడి. ముడి దగ్గర నా దండకు హుక్కు, ఆమె దండకు దారపు ఉంగరం. హుక్కులు తగిలిస్తే నిచ్చెన, విప్పితే రెండు దండలు. పైన ఒక గాజుకు, కింద ఒక గాజుకు కట్టి, కింది గాజును తిప్పితే మెలిక పడుతుంది.

ఆమె తన దండ ముగించి నా దండ తడిమి చూసింది.

"సార్, ఇవి ముళ్ళా ఇడ్లీలా?"

"జారిపోకుండా రెండు మూడు సార్లు వేశాను."

"జారుడేంది సార్, మీరు పోయినంక గూడ ఇవి ఉంటయ్."

శనివారానికి ఆమె హుక్కులు విప్పుతూ, కణం రెండుగా చీలేటప్పుడు ఏం జరుగుతుందో, ప్రతి దండా తన జతను ఎలా తయారు చేసుకుంటుందో, పూసల వరుసే ఎందుకు ముఖ్యమో తడుముకోకుండా చెప్పగలిగింది. ఇంట్లో ఇంకోసారి చూసుకోమని నిచ్చెన ఆమెకే ఇచ్చి పంపాను. వాళ్ళమ్మకు అప్పగిస్తూ, "జాగ్రత్తమ్మా, సోమవారం దీని మీదే అంతా ఉంది," అన్నాను. అదేమిటో, ఎందుకలా ఉందో చెప్పలేదు. ఆమె అడగలేదు.

సోమవారం పదింటికి లెక్చరర్ మేడమ్ వచ్చారు. సన్నటి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతారు. ప్రిన్సిపాల్ గారి గదిలో బల్ల మీద అమ్మాయి పాత బట్టలో చుట్టిన నిచ్చెన పెట్టింది. తల్లి గుమ్మం బయట బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు మంచి చీర కట్టుకొచ్చింది.

అమ్మాయి బట్ట విప్పింది. మేడమ్ ఒక పూస మీద ఆమె వేలు పెట్టారు.

"ఇదేమిటమ్మా?"

"పెద్ద గుండు. అడినిన్ మేడమ్."

"దానికి ఎదురుగా?"

"థై..." అంటూ వేలు జరిపి ఆగిపోయింది. ఇంకో మెట్టు తడిమింది, ఇంకోటి తడిమింది. రెండు చేతులతో నిచ్చెనను పైనుంచి కిందికి నిమిరింది. "ఈడ ఉబ్బింది. ఈడ సన్నబడ్డది. ఇది నేను గుచ్చింది గాదు."

అప్పుడు నేను వంగి చూశాను. పెద్ద గుండుకు ఎదురుగా పెద్ద గుండు ఉంది. చదరానికి చదరం, గింజకు గింజ. ఇరవై మెట్లలో ఇరవై తప్పులు, ఒక్కోటీ ఎంతో పొందికగా.

మేడమ్ నా వైపు తిరిగారు. "పాఠం చెప్పింది మీరేనా?"

"నేనే మేడమ్."

"ఇలాగే చెప్పారా?"

శనివారం సరిగ్గా ఉన్న లెక్క సోమవారానికి ఎలా మారిందో అర్థం కాలేదు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆయన అకౌంట్స్ సార్ మేడమ్. ఏదో టెంపరరీ..." అన్నారు.

గుమ్మం దగ్గర నుంచి తల్లి లోపలికి తొంగి చూసింది. లోపల ఏం నడుస్తోందో ఆమెకు తెలియదు. తన పని గురించి మాట వచ్చిందని మాత్రం తెలిసింది.

"నేనే సరిజేసిన మేడమ్. సార్ ఏమనుకోకుండ్రి, మీకు పూసల పని తెల్వదు గదా. ఒక్క జోడీ గూడ కలుస్తలేకుండె. పెద్ద దాని పక్కన సిన్నది, సదరం పక్కన గింజ. గట్ల దుకాణంల ఇస్తే మొఖం మీద కొడ్తరు. పెద్దోళ్ళు సూస్తరు, నా బిడ్డ పేరు ఖరాబైతదని నిన్న పొద్దంత కూసోని మార్చిన."

ఆమె పని అదే. వంద ముత్యాలు ముందు పోసుకుని వాటిలో ఒకేలా ఉన్న రెండింటిని ఏరడం. సైజు, గుండ్రం, నిగారింపు కలిస్తేనే జోడీ, కలిస్తేనే కూలి. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్న మనిషి ముందు మేం ఇరవై తేడా జతలు పెట్టి, జాగ్రత్త అని చెప్పి వచ్చాం. అమ్మాయి ఆదివారం పిన్ని ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నిచ్చెన బట్టలో చుట్టి ఉంది. ముట్టొద్దు, పాడైతది అందట తల్లి.

"ఎవరు జెయ్యమన్నరే అమ్మా?"

"ఎవరన్న జెప్పాల్నా? సూస్తే కనబడ్తలేదా?"

"నాకు కనబడలే గదా," అంది అమ్మాయి మామూలుగా.

ప్రిన్సిపాల్ గారు గోడ గడియారం చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. పరీక్ష ఇంకోసారి పెట్టుకుందాం అంటారు, ఆ ఇంకోసారి రాదు.

అమ్మాయి మళ్ళీ నిచ్చెన మీద చేతులు వేసింది. ఈసారి పూసలను వదిలేసి ముళ్ళను తడిమింది. మొహంలో కొంచెం నవ్వు కనబడింది.

"అమ్మా, నువ్వు మార్చింది నా దండనే గదా? సార్ దండ ముట్టలే?"

"ముట్టబోయిన. ఆ ముళ్ళు సూదితోని గూడ రాలే."

"మేడమ్, నాకొక పళ్ళెం, దారం, అరగంట టైము ఇస్తరా?"

"ఎందుకు?" అన్నారు మేడమ్.

"ఒక దండ మంచిగున్నది. సార్ ముళ్ళు ఎవ్వరు ఇప్పలేరు. అది ఉంటే రెండోది దాన్నుంచే మళ్ళ పుట్టియ్యొచ్చు. మీరు అడగబోయేది గూడ అదే గదా."

మేడమ్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. "కానీ," అన్నారు.

నా టిఫిను పళ్ళెం తెచ్చాను. ఆమె హుక్కులన్నీ విప్పింది. తల్లి గుచ్చిన దండను కోసి పూసలు పళ్ళెంలోకి జార్చింది. తర్వాత నా దండ మీద ఎడమచేతి వేలు పెట్టి, అది ఏ పూసో చూసి, దాని జత కోసం కుడిచేత్తో పళ్ళెంలో వెతకడం మొదలుపెట్టింది. పెద్ద గుండు, గింజ దొరికినప్పుడల్లా ఒకసారి ముందు పళ్ళకు రాసి చూసేది. మొదట ఎందుకో తెలియలేదు.

"ఇది అమ్మది," అని ఒకటి పక్కన పెట్టింది. "అసలు ముత్యం పండ్లకు గరగర అంటది. గాజు జారుతది."

లెక్క నాకు అప్పుడు అందింది. అచ్చంగా సమాన జతలు కావాలంటే తల్లికి మూడు పెద్ద గుండ్లు, మూడు గింజలు తక్కువ పడ్డాయి. నేను నలభై పూసలే కొన్నాను కదా. అందుకని తన సొంత ముత్యాలు ఆరు వేసింది. దుకాణం వాళ్ళు చిల్లు పక్కకు పోయిందనో, అంచు చిట్లిందనో పక్కన పడేసినవి ఆమెకు ఇస్తుంటారు. వాటిలో కలిసేవాటిని ఏరి ఏళ్ళ తరబడి బిడ్డ దండ కోసం దాస్తోంది. మా దండలో మిగిలిపోయిన మూడు చదరాలూ మూడు చిన్న గుండ్లూ ఇంట్లో డబ్బాలో పెట్టింది.

కాబట్టి ఇప్పుడు ఆరు పూసలు లేవు. అమ్మాయి ఆగలేదు. పూస లేని చోట దారానికి రెండు ముళ్ళు వేసి ముందుకు వెళ్ళింది. అరగంట చాలలేదు, నలభై నిమిషాలు పట్టింది. మేడమ్ గడియారం చూడలేదు. అమ్మాయి కొత్త దండను నా దండ పక్కన చాపి పెట్టింది.

మేడమ్ ఒక ముడి మీద ఆమె వేలు పెట్టారు. "ఇక్కడ ఏం లేదు."

"సిన్న గుండు ఉండాలె. థైమిన్. ఇంట్ల డబ్బల ఉన్నది."

"ఎలా చెప్పగలవు?"

"ఎదురుంగ పెద్ద గుండున్నది."

"ఇక్కడ?"

"సదరం. ఎదురుంగ గింజ ఉన్నది గద మేడమ్. వేరేది పెడితే నిచ్చెన ఉబ్బుతది, లేకుంటే కుంగుతది. ఇందాక మీరు సూసిన్రు."

ఆరు ముళ్ళనూ అడిగారు. ఆరింటికీ చెప్పింది. నేను మనసులో కూడుకున్నాను: లేనివి మూడు చిన్న గుండ్లు, మూడు చదరాలు. పళ్ళెంలో మిగిలినవి తల్లి ముత్యాలు ఆరే, మూడు గుండ్రటివి, మూడు గింజలు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా తేలిన లెక్క ఇంకోటి లేదు.

మేడమ్ గడియారం మళ్ళీ చేతికి కట్టుకున్నారు. "స్లైడు ఎవరో ఒకరు చూసి ఏముందో చెబితే చాలు. మిగతాది ఈ పిల్ల ఆలోచించుకుంటుంది. సంతకం పెట్టండి," అన్నారు. తర్వాత నాతో, "కణం కూడా, తనలో ఇలాంటి తప్పు దొర్లితే, పాత దండ ఏదో, కొత్తది ఏదో గుర్తుపట్టి, కొత్తదాన్నే దిద్దుతుంది. మీ ముళ్ళ లాంటి గుర్తులే ఏవో ఉంటాయి," అన్నారు. నేను తర్వాత పుస్తకంలో చూసుకున్నాను. నిజమే.

ప్రిన్సిపాల్ గారి గుండె బరువు దిగింది. "చాయ్ తేండ్రి, చాయ్" అని కేకేసి, కప్పులకు చోటు చేద్దామని బల్ల మీది పళ్ళేన్ని తనే పక్కకు తోశారు. పళ్ళెం నేలకు జారి అంచు మీద పడి మోగింది. ఆరు ముత్యాలు ఆరు వైపులకు దొర్లాయి. కొన్ని గుమ్మం దాటి మెట్ల మీద పడ్డ చప్పుడు అందరికంటే ముందు అమ్మాయికి వినబడింది.

"రెండు కిందికి పోయినయ్," అంది.

ప్రిన్సిపాల్ గారు, నేను, చివరికి మేడమ్ కూడా మోకాళ్ళ మీద వెతికాం. గదిలో నాలుగు దొరికాయి. మెట్లన్నీ, మెడికల్ షాపు ముందరి మురుగుకాలువ జాలీ అంతా చూశాను. ఇస్త్రీ అతను బండి పక్కకు జరిపి చూపించాడు. రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. ఒక గుండ్రటిది, ఒక గింజ దొరకలేదు.

తల్లి నాలుగింటిని కొంగున ముడేసుకుంది. "పోనియ్యుండ్రి సార్. బిడ్డ చదువు నిలవడ్డది గదా," అంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ప్రతి మెట్టు మూలా చూసుకుంటూ దిగింది.

ఆ వారమే వెళ్ళి రెండు ముత్యాలు కొని తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె అరచేతిలో వేసుకుని వెలుతురులో దొర్లించి చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇవి మంచియే సార్. గని కలవవు. ఇవి తెల్లగున్నయ్, నా ముత్యాలు జర పసుపు."

పసుపుపచ్చనివి వెతికి తీసుకెళ్ళాను. సైజు కలవలేదు. సైజు కలిసినవి తీసుకెళ్తే నిగారింపు కలవలేదు. ఆ మనిషి మర్యాదకు కూడా తేడా జోడీని ఒప్పుకోదు. ఒకసారి ఒప్పుకుని ఉంటే నా సోమవారం సాఫీగా గడిచేది, కాని ఆ అమ్మాయి అంత బాగా చెప్పే అవకాశమూ వచ్చేది కాదేమో.

అమ్మాయి ప్రాక్టికల్స్ రాసింది, గట్టెక్కింది, కోరుకున్న చదువే చదివింది. ఇప్పుడు సంతోష్‌నగర్‌లోనే ఒక క్లినిక్‌లో పని చేస్తోంది. నా కుడి భుజం ఆమె చేతుల్లోనే ఉంది. వారానికి రెండుసార్లు వెళ్తాను.

మొన్న వెళ్ళినప్పుడు మెడలో ముత్యాల దండ ఉంది. వాళ్ళమ్మ ఇన్నాళ్ళకు గుచ్చిందట. నా చెయ్యి పట్టుకుని పైకి లేపుతుంటే దండ నా కళ్ళ ముందే ఊగింది. ముత్యాలన్నీ ఒకే పసుపు, ఒకే నిగారింపు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఒకచోట గుండ్రటిది ఉండాల్సిన దగ్గర, ఇంకోచోట గింజ ఉండాల్సిన దగ్గర పూస లేదు. దారానికి జంట ముళ్ళు ఉన్నాయి.

"లెక్కపెడ్తున్నరా సార్?"

"లేదమ్మా."

"ఊపిరి బిగవట్టిన్రు, నాకు తెల్వదా. అమ్మ అడుగుమన్నది, దొరికినయా అని."

"ఇంకా వెతుకుతున్నాను."

"ఎన్ని బాకీ సార్?"

"రెండు," అన్నాను.